ముందు బొమ్మ, తర్వాత కథ

“ఆ బొమ్మ ఒక్కసారి చూపిస్తారా సార్?”

ఎడిటర్ చప్పున వచ్చే నెల ముఖచిత్రం మీద పాత పేపరు కప్పేశాడు. ఎదురుగా ఎవరో ఆవిడ. గుమాస్తా కళ్లుగప్పి లోపలికి వచ్చేసింది.

ఆ పత్రికలో పద్ధతే వేరు. ముందు బొమ్మ గీయిస్తారు, కథ ఆ తర్వాత. పెయింటర్ తన ఇష్టం వచ్చినట్టు ఓ కత్తివీరుణ్నీ, ఓ మాంత్రికుణ్నీ, మధ్యలో నోరు తెరిచిన మృగాన్నీ వేసిపారేస్తాడు. వాళ్లెవరో, ఎందుకు కొట్టుకుంటున్నారో తేల్చడం రచయిత తలనొప్పి.

ఒకప్పుడు కత్తులూ మంత్రాలూ ఉన్న పుస్తకమంటే జనం ఎగబడి కొనేవారు. తర్వాత డిటెక్టివులు వచ్చారు, దయ్యాలు వచ్చాయి, ఇలాంటి పత్రికలు ఒక్కొక్కటే మూతబడ్డాయి. మిగిలినవి రెండే. వాటిలో ఇది ఒకే ఒక్క రచయిత పుణ్యమా అని కొన ఊపిరితో ఉంది.

ఆ రచయిత కిందటి వారం గుండె ఆగి పోయాడు.

శనివారంలోగా కథ రాకపోతే పత్రిక ఆపేసి, అచ్చుయంత్రం మీద క్యాలెండర్లు వేసుకుంటానని ఓనరు తేల్చి చెప్పాడు. ఎడిటర్ ఇద్దరు ముగ్గురి చేత రాయించి చూశాడు. వాళ్ల వీరులు కత్తి దూసేముందు ఉపన్యాసాలు దంచుతున్నారు.

ఇంతలో ఈవిడ. పోటీ పత్రికవాళ్లు పంపి ఉంటారని అతని అనుమానం. కిందటేడు ఇలాగే ఎవరో బొమ్మ చూసిపోతే, అదే మృగాన్ని వాళ్లు ముందుగా అచ్చేసుకున్నారు.

బొమ్మ మీకెందుకని అడిగాడు.

“చూస్తే కథ రాసిస్తాను.”

ఎడిటర్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

“అమ్మా, ఇవి వంటింట్లో కూర్చుని రాసే కథలు కావు. మా రచయిత కత్తి అని రాస్తే చదివేవాడి వేలు తెగేది. అలాంటి మగాడే పోయాక ఇంకెవరు రాస్తారు?”

ఆవిడ ముఖం ఒక్క క్షణం వెలిగి, ఆరిపోయింది. ఆ కథల గురించి ఇంకా ఏమనుకునేవారని మెల్లగా అడిగింది. ఎడిటర్ దుఃఖం ఆపుకోలేక చాలాసేపు పొగిడాడు. తల వంచుకుని అంతా విని, ఆవిడ లేచి వెళ్లిపోయింది.

శనివారం వచ్చింది. కథ రాలేదు. యంత్రం మీదికి క్యాలెండర్లు ఎక్కాయి, ఎడిటర్ రోడ్డున పడ్డాడు.

అచ్చుకాని ముఖచిత్రాన్ని ఏం చేయాలో అతనికి తోచలేదు. రచయిత ఫొటో పక్కనైనా పెట్టుకుంటారని వాళ్లింటికి పట్టుకెళ్లాడు. ఆ గడప తొక్కడం అదే మొదలు. ఇన్నేళ్లూ రచయితే ఆఫీసుకొచ్చి బొమ్మ తీసుకెళ్లేవాడు, తనే కథ తెచ్చిచ్చేవాడు.

తలుపు తీసింది ఆవిడే.

పత్రిక ఆగిపోయిందని చెప్పలేక, అతను బొమ్మ ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్లి, మృగాన్నీ మాంత్రికుణ్నీ తీరిగ్గా చూసుకుంది.

“బొమ్మతోపాటు మా ఆయన గడువు కూడా చెప్పేవారండీ,” అంది. “ఇది ఎప్పటికి రాసివ్వాలి?”