వెంట్రుకవాసి పగులు

"ఆరు వారాల దాకా పరుగు మాటే ఎత్తకూడదు" అన్నాడు డాక్టరు, ఎక్స్‌రేని వెలుతురుకేసి పట్టుకుని.

"రెండు చేసుకోండి" అన్నారు మేనేజరు గారు.

"ఇదేమన్నా కూరగాయల బేరమా?"

"పోనీ మూడు. కాకపోతే ఆదివారం దాటాక లెక్కపెట్టుకుందాం."

ఆదివారం, యాభై దాటినవాళ్ళ పరుగు పందెం. వరసగా రెండేళ్ళు ఆయనే ఫస్టు. మూడోసారి కూడా గెలిస్తే వెండి కప్పు శాశ్వతంగా ఇంటికొచ్చేస్తుంది. దాన్ని పెట్టడానికి షోకేసులోంచి భార్య టీ కప్పులన్నీ అప్పుడే దించి మంచం కిందకి తోసేశారు. అంత ముందుచూపున్న మనిషికి, వాచిన కాలు చూసుకునే తీరిక మాత్రం నెల్లాళ్ళుగా దొరకలేదు పాపం.

డాక్టరు పాదం మీద, రెండో వేలికి వెనగ్గా, ఒక్కచోట నొక్కాడు. మేనేజరు గారు కుర్చీలోంచి జానెడు పైకి లేచారు.

"నొప్పా?"

"అబ్బే, చక్కిలిగింత."

"చూడండి సార్. కండరం బిగిసిన నొప్పయితే ఒళ్ళు వేడెక్కాక చాలావరకూ సర్దుకుంటుంది. ఎముక నొప్పి పరిగెత్తేకొద్దీ పెరుగుతుంది. మీది ఎముక. వెంట్రుకవాసి పగులు. ఇప్పుడాపితే దానంతటదే అతుక్కుంటుంది, ఆపకపోతే పూర్తిగా విరుగుతుంది. ఈలోగా ఒళ్ళు బరువెక్కుతుందనుకుంటే ఈత కొట్టండి."

"ఈతకి కప్పిస్తారా?"

"ఎముకలో పగులు ఇప్పుడొచ్చింది డాక్టర్‌గారూ. బుర్రలోది మా పెళ్ళినాటి నుంచీ ఉంది" అంది పక్కనున్న భార్య.

ఆ మాటకి మొహం తిప్పుకున్న మేనేజరు గారి చూపు గోడ మీద పడింది. రెండు పతకాలు వేలాడుతున్నాయి. అదే పందెంవి. రెండూ రెండో స్థానానివి.

"ఓహో! నా వెనకాల రొప్పుకుంటూ వచ్చేది తమరా?"

"నేనేనండీ. రెండేళ్ళుగా మీ వీపు చూస్తున్నాను. మొహం చూడటం ఇదే."

"అదీ సంగతి! రోడ్డు మీద పట్టుకోలేక ఎక్స్‌రేలో పట్టుకుందామని చూస్తున్నారన్నమాట!"

"ఇంకో డాక్టరుకి చూపించుకోండి సార్. ఎవరైనా ఇదే చెబుతారు."

"చూపిస్తాను! చూపించి తీరతాను!" అని మేనేజరు గారు విసురుగా లేచి, కుంటుకుంటూ బయటికొచ్చారు. విసురుగా కుంటడం అంత తేలికేం కాదు. ఆయన చేసి చూపించారు.

పక్క గది తలుపు తీసుకుని నవ్వుతూ నిలబడ్డాడు ఫిజియో. జుట్టు నెరిసినా మనిషి రివటలా ఉన్నాడు.

"గోడలు పల్చన సార్, అంతా వినపడింది. ఏదీ, పాదం ఇలా ఇవ్వండి." అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికేనా ఇంత గొడవ! పందెం రోజు పొద్దున్నే రండి. స్ప్రే కొట్టి, టేపు బిగించి చుడతాను. దౌడు తీయండి."

"మరి పగులు?"

"పగుళ్ళు లేని ఇల్లుంటుందా సార్? అయినా కాపురాలు చేయట్లేదూ?"

"మనిషంటే మీరండీ!" మేనేజరు గారు ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు.

"డాక్టరుగారు వద్దన్నారు కదండీ" అంది భార్య.

"ఆయన సంగతి వేరమ్మా, దేవుడు. ఎవరైనా కింద పడ్డారంటే చాలు, తింటున్న కంచం వదిలేసి పరిగెత్తుకొస్తాడు." ఫిజియో పాదం కిందకి దించి, "పందెంలో మీరిద్దరూ పక్కపక్కనే ఉంటారా సార్?" అనడిగాడు.

"పక్కపక్కనా? ముందూ వెనకాను!" సరిదిద్దారు మేనేజరు గారు.

"అదేలెండి, దగ్గర్లోనేగా. చాలా సంతోషం" అన్నాడు ఫిజియో. ఫీజు కూడా వద్దన్నాడు.

ఆదివారం మేనేజరు గారు గుర్రంలా బయల్దేరారు. సగం దూరం దాకా పాదం ఉందన్న సంగతే తెలియలేదు. ఆ తర్వాత స్ప్రే మత్తు దిగింది. డాక్టరు చెప్పినట్టే, పరిగెత్తేకొద్దీ నొప్పి పెరగసాగింది. డాక్టరు మాట నిజమవుతున్నందుకు ఆయనకి నొప్పి కన్నా ఒళ్ళుమంట ఎక్కువైంది.

వెనకనుంచి రొప్పు వినపడింది. "సార్, కాలీడుస్తున్నారు! ఆగిపోండి!"

"ఆగను! మీక్కావలసింది అదేగా!" అని ఇంకా వేగం పెంచారు.

గమ్యం దగ్గర కట్టిన రిబ్బను కనబడుతుండగా పాదంలో టప్‌మంది. మేనేజరు గారు నడిరోడ్డు మీద కూలబడి, "నా కాలో! నా కప్పో!" అని రెండింటికీ కలిపి ఏడ్చారు.

డాక్టరు ఆగాడు. ఎదురుగా ఖాళీ రోడ్డు. ఒకసారి రిబ్బను కేసి చూశాడు, ఒకసారి ఆ పాదం కేసి చూశాడు. చొక్కా విప్పి మడతపెట్టి, పాదం కింద ఒత్తుగా పెట్టి, రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.

మేనేజరు గారికి సిగ్గేసింది. నిజంగానే వేసింది. "మిమ్మల్ని అనుమానించాను డాక్టర్‌గారూ, నేనొట్టి వెధవని. వెళ్ళండి, కప్పు మీరే తీసుకోండి."

"ఇప్పుడు వదిలితే ఎముక కదిలిపోతుంది. అంబులెన్స్ వచ్చేదాకా ఇక్కడే ఉంటాను."

"మరి కప్పెవరికి?" అంటూ మేనేజరు గారు ఆ పందెంలో మొట్టమొదటిసారి వెనక్కి తిరిగి చూశారు.

రెండేళ్ళుగా మూడో స్థానంలో వస్తున్న ఫిజియో తాపీగా వాళ్ళని దాటుతూ, చెయ్యూపి అరిచాడు: "ఆరు వారాల దాకా ఆయన్ని పరుగు మాటే ఎత్తనివ్వకండి డాక్టర్‌గారూ!"