ముప్పై రెండో నంబరు

"ఆ ఇంటికి తాళం వేసి ఐదు వారాలైందట. మరి ఈ కాగితాలు ఎవరు రాసినట్టు?"

హెడ్‌మిస్ట్రెస్ జవాబు పత్రాల కట్టను బెంచీ మీద పడేసి అటెండరు వైపు చూసింది. కట్ట మీద ఎర్ర సిరాతో '32' అని ఉంది. అటెండరు మాస్కును ముక్కు మీదికి లాక్కున్నాడు. అది అప్పటికే ముక్కు మీద ఉంది.

లాక్‌డౌన్ వచ్చాక ఎనిమిదో తరగతి రెండుగా చీలింది. ఫోన్లున్న పిల్లలకు తెర మీద పాఠాలు. లేనివాళ్ళు పద్దెనిమిది మంది. వాళ్ళ ఇళ్ళకు సోమవారం సైకిలు మీద ప్రశ్నల కాగితాలు చేర్చడం, గురువారం జవాబులు తేవడం అటెండరు పని. తెచ్చినవి రెండు రోజులు ఇనపపెట్టెలో పడి ఉండాలి. ఆ తరువాతే మాస్టార్లు ముట్టుకోవాలి. దిద్దినవి మళ్ళీ కొత్త ప్రశ్నలతో కలిసి వెళ్ళి, జవాబులతో పాటు తిరిగొచ్చేవి. అంతా సవ్యంగానే సాగింది, ముప్పై రెండో నంబరు అమ్మాయి తండ్రి ఆ ఉదయం ఎక్కడి నుంచో ఫోన్ చేసి, "మేం ఊరొదిలేసి ఐదు వారాలైంది మేడమ్, టీసీ ఎలా తీసుకోవాలి?" అని అడిగేదాకా.

"తాళం చూసి వెనక్కి తెచ్చానమ్మా," అన్నాడు అటెండరు. "చెబుదామనే అనుకున్నాను."

"ఐదు వారాలుగా అనుకుంటూనే ఉన్నావా?"

బయట వరండాలో బకెట్ చప్పుడైంది. "ఇందాక తడి నేల తొక్కుకుంటూ లోపలికి పోయిందెవరు? మొగుడైనంత మాత్రాన ఊరుకుంటానా?" అంటోంది ఆయా. పక్క బెంచీలో కూర్చున్న లెక్కల మాస్టారు నవ్వు ఆపుకున్నారు. అటెండరు మాత్రం నవ్వలేదు.

మాస్టారు కట్ట విప్పారు. గుప్పుమని ఫినాయిల్ వాసన. ఆ రోజుల్లో బడిలో అన్నిటికీ అదే వాసన. తాళం పడిన వారం వచ్చిన కాగితంలో పది లెక్కలకు తొమ్మిది తప్పులు. చేతిరాత మారిందని ఆయన అప్పుడే గమనించారు. కూర్చునే చోటు లేక ఒళ్ళో పెట్టుకుని రాస్తోందేమో అనుకున్నారు. కింద తను రాసిన ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి: "తప్పులకు జంకకుండా పదీ చేశావు. అది చాలు. సమానం దాటిన అంకెకు గుర్తు మారాలి. మళ్ళీ చేసి చూడు."

మరుసటి వారం ఆ తొమ్మిదీ మళ్ళీ చేసి వచ్చాయి. ఆరు ఒప్పు. ఆ పై వారం అన్నీ ఒప్పే. బడి మొత్తంలో ఎర్ర సిరాను చదివి, దిద్దుకుని, తిరిగి పంపినవాళ్ళు ఇంకెవరూ లేరు. కెమెరాలు ఆపేసిన నల్లని గళ్ళకు పాఠం చెప్పి చెప్పి నీరసించిన మాస్టారికి తిరిగి పలికేది ఈ కట్ట ఒక్కటే.

"నేనే రాశానమ్మా," అన్నాడు అటెండరు ఉన్నట్టుండి.

"నువ్వా?"

"నేనే. ఇళ్ళకు వెళ్ళడం లేదనుకుంటారేమోనని."

"అయితే మిగతా పదిహేడూ పిల్లలే రాశారని నమ్మేదెలా? కమిటీకి రాస్తాను. రేపట్నుంచి నీకు సైకిలూ వద్దు, గంటా వద్దు."

"అవన్నీ పిల్లలవే అమ్మా. ఎండలో పదిహేడు గడపలూ తిరిగాను. ఒట్టు."

మాస్టారు లేచారు. "ఒక్క నిమిషం మేడమ్. ఇవి ఇతను చేసినవే అయితే ఇతనికి లెక్కలొచ్చినట్టే కదా. ఒక్కటి చేయనివ్వండి."

నల్లబల్ల మీద బడి మూసిన రోజు తేదీ ఇంకా చెరగలేదు. దాని కింద ఆయన రాశారు:

5x + 7 = 2x – 2

ఇరవై ఏళ్ళుగా గదిగదికీ సుద్దముక్కలు అందించిన చెయ్యి తనే ఒకటి పట్టుకుంది. అటెండరు ఆ లెక్కనే కింద మళ్ళీ దించాడు, బొమ్మ గీసినంత పొందికగా. కాసేపు చూశాడు. చేత్తో చెరిపి మళ్ళీ అదే దించాడు.

"ఊఁ, తొందరేం లేదు," అన్నారు మాస్టారు మెల్లగా. "ఏడు అవతలికి వెళితే ఏమవుతుంది?"

అటెండరు బాగా ఆలోచించాడు. "ఇవతల ఉండదు సార్."

హెడ్‌మిస్ట్రెస్‌కు కోపంలోనూ నవ్వొచ్చింది. వెంటనే మింగేసింది. "అబద్ధమాడటం కూడా చేతకాదు నీకు. ఎవరి చేత రాయించావు? పేరు చెప్పు. లేదంటే తాళంచెవులు ఇక్కడ పెట్టి వెళ్ళు."

అటెండరు నడుముకున్న గుత్తి విప్పాడు. గేటుది, ఆఫీసుది, ఇనపపెట్టెది, ఒక్కొక్కటే తడిమి చూసుకుని, గుత్తిని చప్పుడు కాకుండా బెంచీ మీద పెట్టాడు.

వరండాలో నేల తుడిచే చప్పుడు ఆగింది. తుడిచిన తడి నేల మీదే అడుగులేసుకుంటూ ఆయా గడప దాకా వచ్చింది. మొగుడి వైపు చూడలేదు. నల్లబల్ల వైపే చూసింది.

"మైనస్ మూడు సార్," అంది. "సమానం దాటిన అంకెకు గుర్తు మారాలని మీరేగా రాశారు."