గోల్కొండ చప్పట్లు

చార్మినార్ ముందు టూరిస్టు బస్సు దిగిన వాళ్లందరూ తలలెత్తి మినార్లు చూశారు. రాజలింగం మాత్రం పొద్దు ఎంత ఎక్కిందో చూశాడు.

మూడు గంటలకల్లా గోల్కొండ కోట కొసన ఉండాలి. సిరిసిల్ల నుంచి ఇంత దూరం వచ్చింది అందుకే. మిగతాదంతా, ఏ రాజు కట్టిందైనా ఏ నవాబు దాచిందైనా, దారిలో తగిలే మైలురాళ్లే.

"ఒక్కనివే అచ్చినవా పెద్దమనిషీ? ఇంటామెను తోల్కరాలేదా?" బస్సెక్కాక ముందు సీటాయన వెనక్కి తిరిగి అడిగాడు. పేరు గోవర్ధన్ అనీ, కోరుట్లలో బట్టల కొట్టనీ తనే చెప్పుకున్నాడు. కావచ్చు, కాకపోవచ్చు. అన్నల్లో కలిసిన పిల్లల ఇళ్ల చుట్టూ ఆ రోజుల్లో బట్టలమ్మేవాళ్లూ గాజులమ్మేవాళ్లూ పోలీసుల కోసం చెవులొగ్గి, అవసరానికి మించి తిరిగేవాళ్లు.

"ఆమె మంచంల ఉన్నది. శాతగాదు," అన్నాడు రాజలింగం. అందులో అబద్ధం లేదు. లసుమవ్వ నడుము పడిపోయి రెండేళ్లయింది.

వాళ్ల ఒక్కగానొక్క కొడుకు విఠల్ అడవికి పోయి పదేళ్లు. పోయిన నెల ఎవరో ఒకడు వచ్చి, కూర్చోకుండానే లసుమవ్వకు నాలుగు మాటలు చెప్పాడు. "జరాగు కొడుకా, ఒక్క మాటిను," అని ఆమె అనే లోపే గడప దాటాడు.

విఠల్ వైద్యానికి పట్నం వస్తున్నాడట. ఇంటికి రాలేడు. ఫలానా ఆదివారం మూడింటికి నాయిన గోల్కొండ కొసకు ఎక్కాలి. కింద గుమ్మటం దగ్గర చప్పట్లు కొడితే పైదాకా వినపడతాయి, రాజులనాటి ఏర్పాటు. తను మూడుసార్లు కొట్టి, కాస్త ఆగి ఇంకోసారి కొడతాడు. చూద్దామని కిందికి దిగొద్దు. వెతకొద్దు. వింటే చాలు, బతికున్నాడనుకోవాలి.

ఆ లెక్క ఈనాటిది కాదు. చిన్నప్పుడు బువ్వ వేళకు విఠల్ మగ్గం గుంజ మీద అట్లాగే కొట్టేవాడు. గుంటలో కూర్చున్న రాజలింగం తలెత్తకుండానే "అచ్చె, అచ్చె" అనేవాడు. పోగు తెగితే కన్నుకంటే ముందు చెవి పట్టే మనిషని వాడకట్టులో ఆయనకు పేరు. కొడుకు పోయాక ఆ మగ్గం కూడా పొయ్యిలోకి పోయింది. ఇప్పుడు సేఠు దగ్గర సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, కూలి.

కబురు వచ్చిన సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. మొన్న గురువారం అడవిలో ఎదురుకాల్పులు జరిగాయి. ఇద్దరు పోయారన్నారు. పేర్లు తెలియవన్నారు. అప్పటి నుంచి లసుమవ్వ మెతుకు ముట్టలేదు.

"పో. ఇని రా," అన్నది. "గప్పటిదాక నా గొంతులకు దిగది."

సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం ముందు జనం ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. చిన్న బొమ్మ మనిషి బయటికి వచ్చి సుత్తెతో గంట కొట్టాడు. అందరూ లెక్కపెట్టుకుని మురిసిపోయారు. రాజలింగం ఆ బొమ్మ చేతినే చూశాడు. రావలసిన వేళకు వచ్చి, కొట్టవలసింది కొట్టి, ఏ పోలీసూ ఆపకుండా లోపలికి పోయింది. అదృష్టమంటే బొమ్మలదే అనుకున్నాడు.

బయటికి వస్తుంటే గోవర్ధన్ వెనక నుంచి భుజం పట్టి గుంజాడు. "ఎన్నిసార్లు పిలవాలెనయ్యా నిన్ను? బస్సు గిటున్నది. పాణం ఏడ పెట్టి నడుస్తున్నవ్?"

గోల్కొండలో గోవర్ధన్ సగం మెట్లకే కూలబడ్డాడు. "రాజుల సొమ్ము రాళ్ల పాలంటే గిదే," అని చెమట తుడుచుకున్నాడు. రాజలింగం ఆగలేదు. మోకాళ్లు మొర్రోమన్నా ఎక్కాడు.

పైన దర్బారు గోడ దగ్గర నిలబడి చూస్తే కింద గుమ్మటం నెత్తి కనిపించింది. దాని కింద ఎవరున్నదీ కనిపించదు. మూడయింది. చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే మాటలాపి తలలు వంచారు. ఒక చిన్నపిల్ల తల్లి కొంగు లాగి నవ్వింది. ఎవరో కొట్టారు. ఎవరు? ఎన్నిసార్లు? కోట చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ అక్కడ ఒకసారి కొట్టే పోతాడాయె. పక్కవాళ్లను అడుగుదామా అనుకునేంతలో, ఎట్లా ఎక్కాడో గానీ, గోవర్ధన్ పక్కనే ఉన్నాడు. తన మొహంలోకే చూస్తున్నాడు.

రాజలింగం కళ్లు మూసుకుని, గోడకు అరచేయి ఆనించి నిలబడ్డాడు. బస్సు వాళ్లు వచ్చి పిలుచుకుపోయేదాకా అట్లాగే నిలబడ్డాడు. దిగేటప్పుడు దుఃఖం ఆగక కండువా నోట్లో కుక్కుకున్నాడు.

తెల్లారి ఇల్లు చేరేసరికి లసుమవ్వ మేలుకునే ఉంది. చెయ్యి పట్టి మంచం మీద కూర్చోబెట్టుకుని, ఆయన మొహం తన వైపు తిప్పుకుంది.

"ఇనచ్చిందా?"

"ఇనచ్చింది."

"ఎట్ల?"

రాజలింగం మంచం పట్టె మీద వేలితో కొట్టాడు. మూడు. ఆగి, ఒకటి.

"గట్టిగ కొట్టిండా? దమ్మున్నదా చేతిల?"

"గట్టిగనే. చిన్నప్పటి చెయ్యే. ఏం మారలే."

లసుమవ్వ ఆయనను చాలాసేపు చూసింది. తర్వాత కొంగుతో ఆయన కళ్లు తుడిచింది.

"అయితే మంచిగున్నడు నా కొడుకు. ఇగ బువ్వ పెట్టు."

పెట్టిన బువ్వ మెతుకు మిగల్చకుండా తిన్నది.

సాంచాల మోతకు రాజలింగం రెండు చెవులూ ఏనాడో పూర్తిగా పోయాయని అడవికి పోయిన విఠల్‌కు తెలియదు గానీ, లసుమవ్వకు తెలుసు.