గట్టు మీది మొహం

ఈత కొలనులో నీళ్ళు చూస్తేనే నాకు రోత. ఎంతమంది ఉమ్మారో, ఎంతమంది పిల్లలు అందులోనే కానిచ్చారో! మూలన ఎవరి తలవెంట్రుకలో ఉండచుట్టుకుని తేలుతున్నాయి. గట్టు మీద కూర్చోవడానికే నాకు ఒళ్ళు జలదరించింది.

ఏం చేయను, మా ఇంటి వెనకే కాలువ. నాలుగేళ్ళ మనవరాలు ఎప్పుడు అటు పరుగెడుతుందోనని నాకు కంటి మీద కునుకుండదు. దానికి ఈత రావాల్సిందే.

అదేమో నడుములోతు నీళ్ళలో మెట్టు మీదే నిలబడిపోయింది.

"మూతి నీళ్ళలో పెట్టి బుడగలు ఊదు బంగారం," అని ఈత నేర్పే అమ్మాయి బతిమాలుతోంది. అది వంగుతుంది, నా వైపు చూస్తుంది, ఆగిపోతుంది.

"పిచ్చిది, భయపడుతోందమ్మా," అన్నాను.

"భయం కాదు మామ్మగారూ. మీ మొహం చూసి నేర్చుకుంటోంది."

అప్పుడు చూశాను దాని మొహం. చిట్లించిన ముక్కు, విరిచిన మూతి. అచ్చం నాదే.

"మీరొచ్చి ఒక్కసారి ఊదండి."

"నేనా! ఆ మురికిలోనా!"

"పోనీ, మీరు చెప్పిన ఆ కాలువలో నేర్పించుకుంటారా?"

కట్టుబట్టలతోనే దిగాను. కళ్ళు మూసుకుని, మూతి ముంచి ఊదాను. తలెత్తేసరికి, ఎవరి పుండు మీద నుంచి ఊడిందో, నానిన ప్లాస్టరొకటి నా చెంపకు అతుక్కుంది. వాంతి గొంతుదాకా వచ్చింది.

మనవరాలు నా మొహంలోకే చూస్తోంది.

"అబ్బ, ఎంత బాగున్నాయే నీళ్ళు!" అని నవ్వాను.

అది కిలకిలా నవ్వి మొహం ముంచింది. బుడగలు పైకి రావడం చూశాకే, ఇక నన్ను చూడదు కదా అని, ప్లాస్టరు పీకి పారేసి ఛీ అన్నాను.