తిట్టు ఉత్తరం

ఉత్తరాలన్నీ యంత్రాలే రాసిపెట్టే ఆ రోజుల్లో ఉత్పలకు కాలనీలో రాతపని దొరకడమే గగనమైంది. ఈ వారమూ దొరక్కపోతే కలం మూసి పచ్చళ్ల ఫ్యాక్టరీలో చేరాల్సిందే.

కింది వాటా లాస్య మామ్మ పిలిచింది.

"మేడమీది హర్షిత నా వడియాల మీద నీళ్లు పోసిందే! యంత్రాన్ని తిట్టమంటే 'దయచేసి గమనించగలరు' అంటోంది. నువ్వైతే కడిగిపారేస్తావు."

ఉత్పల మనసారా కడిగిపారేసింది.

గంటలో ఆ ఉత్తరం పట్టుకుని హర్షిత మామ్మ మేడ దిగి ఉత్పల దగ్గరికే వచ్చింది.

"కళ్లున్న చోట వడియాలు అతికించుకున్నానట! దాని నోరు మూతపడేలా జవాబు రాయవే. బాగుంటే వారానికో ఉత్తరం నీకే."

జవాబు రాద్దామని ఉత్పల తన ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివింది. ఎన్నిసార్లు చదివినా తప్పంతా హర్షిత మామ్మదే అనిపిస్తోంది.