రేపటి నీళ్లు

"మీ పేజీల తారీఖు తప్పున్నది సారూ. నీళ్లు రేపు కాదు. ఇయ్యాలనే, పన్నెండింటికి."

అమరేందర్ కంప్యూటర్ మీంచి తలెత్తాడు. గుమ్మంలో ఒక ముసలాయన. మోచేతుల దాకా గ్రీజు. కాళ్లకు చెప్పుల్లేవు.

హాలియా బస్టాండు వెనక ఆ ఒక్క గది నుంచే అమరేందర్ 'కాలువ కబురు' వెబ్‌సైటు నడుపుతున్నాడు. కాలువ ఎండిన రోజుల్లో రైతులు అడుగున గుంతలు తీసి మోటార్లు దించుతారు. నీళ్లు ఏ రోజు వదులుతారో ఆ సైటులో చూసుకుని, ముందే దిగి మోటార్లు పైకి తీసుకుంటారు.

పోయిన నెల తారీఖు పెట్టగానే వేలమంది ఒకేసారి తెరిచి సర్వర్‌ను పడగొట్టారు. నకిరేకల్‌లో పోటీ సైటు నడిపే శివకుమార్ ఆ రోజు నవ్విన నవ్వు అమరేందర్ చెవుల్లోంచి ఇంకా పోలేదు. ఆ కసితో కూర్చుని క్యాషింగ్ పెట్టాడు. ఇక అడిగిన ప్రతివాడికీ సర్వర్ పేజీని కొత్తగా తయారుచేయదు. ఒకసారి తయారైన నకలును దాచుకుని, ఇరవైనాలుగు గంటల పాటు అందరికీ అదే పంచుతుంది. సర్వర్ మళ్లీ పడలేదు.

"ఇటు రా," అని తెర తిప్పాడు. "చదువొస్తదా? ఏమున్నది?"

"ఏడో తారీఖు."

"ఇయ్యాల ఎంత? ఏడే కద. మార్పు వచ్చిందని పొద్దుగాల్నే దిద్దిన. ఇంకేంది?"

"నీ దాంట్ల మంచిగనే ఉన్నది. మా వోళ్ల ఫోన్లల్ల ఎనిమిదున్నది. జర వాళ్ల ఫోన్లకెల్లి చూడు సారూ."

అమరేందర్‌కు ఒళ్లు మండింది. కళ్లెదుట ఉన్నదాన్నే కాదంటున్నాడు. ఇది శివకుమార్ పంపిన సరుకే.

"ఎంతిచ్చిండు శివకుమార్? పొద్దుగాల్నే తాగించి పంపిండా?"

శివకుమార్ ఎవరో తనకు తెలియదన్నాడు ముసలాయన. తెల్లారినప్పటి నుంచి కాలువ పొడుగునా చెప్పుకుంటూ వచ్చాడట. దిగినవాళ్లలో ఒక్కరూ కదల్లేదట.

"మనిషి చెప్తె నమ్ముతలేరు సారూ. ఫోన్ చూపిస్తున్నరు."

అమరేందర్ రెక్క పట్టుకుని బయటికి నెట్టాడు. ముసలాయన మెట్టు మీద తూలి, నిలదొక్కుకున్నాడు. సైకిల్ దగ్గరికి వెళ్లి, వెనక కట్టిన తాడు విప్పి, వంకర ఇనుప కడ్డీ ఒకటి తీశాడు.

అమరేందర్ కుర్చీ ఎత్తి పట్టుకున్నాడు.

ముసలాయన కడ్డీని గడప మీద మెల్లగా పెట్టాడు.

"ఇది నీ కాడనే ఉండని బిడ్డా. ఫోన్లల్ల తారీఖు మారినంక వంతెన కాడికి తెచ్చియ్యి."

సైకిలెక్కి వెళ్లిపోయాడు. బెదిరింపా, పిచ్చా? అమరేందర్ కడ్డీని టేబుల్ కిందికి తన్ని పనిలో పడ్డాడు.

పన్నెండుకు పది నిమిషాలుందనగా చెల్లెలు హరిత ఫోన్ చేసింది. బాపు తిండి కూడా తినకుండా పోయాడని చెప్పింది.

"యాడికి?"

"కాలువలకు. మోటారు తీస్తుండు. నీళ్లు రేపొస్తయని నీ పేజీలనే చూసిండు కద."

"ఎప్పుడు చూసిండు?"

"గింతకుముందే అన్నా."

అమరేందర్ కాల్ పెట్టేశాడు. తన ఫోన్‌లో లాగిన్ తీసేసి, అందరిలాగే పేజీ తెరిచాడు.

నీళ్ల విడుదల: ఎనిమిదో తారీఖు.

లాగిన్ అయిన యజమానికి మాత్రమే సర్వర్ అసలు పేజీ చూపిస్తోంది. ఊళ్లన్నిటికీ నిన్నటి నకలే పోతోంది. పేజీ దిద్దాక పాత నకలును చెరిపేయాలి. ఆ ఒక్క పనే మరిచాడు.

ఒక్క లైను కొట్టి చెరిపేశాడు. తారీఖు మారింది. కానీ చూసుకుని కాలువలోకి దిగినవాడు మళ్లీ ఎందుకు చూస్తాడు?

బాపు ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

బండి తీశాడు. దారిలోనే పన్నెండు దాటింది.

అతను చేరేసరికి పన్నెండున్నర. కాలువలోకి ఇంకా నీళ్లు రాలేదు. తండ్రి దశరథం గట్టు మీద మోటారు పక్కన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. చుట్టూ నలభై మంది దాకా ఉన్నారు, అందరి కాళ్లకూ బురద.

"ఫోన్ల తారీఖు మారిందని గట్టు మీదికెల్లి లీలమ్మ కేకేసింది," అన్నాడు తండ్రి. "అప్పటికే పన్నెండుంబావు. ఉరికి ఎక్కినం."

"నీళ్లు రాలేదా?"

"మన నసీబు. గేటు ఎత్తే లష్కర్ లేడా, ఎల్లేశం? గేటు తిప్పే కడ్డీ పోగొట్టుకున్నడంట. యాడ పారేసినవ్ రా అని కాలువ ఇంజినీరు సారు ఎంత తిట్టినా నోరిప్పలే. కొలువుకెల్లి తీసేసి, ఇంకో కడ్డీ తెప్పించిండు. ఇరవై ఏండ్ల సంది చేస్తుండు, లత్కోరోడు, ఒక్క కడ్డీ కాపాడలేకపోయిండు."

గట్టు మీద వాళ్లందరూ నవ్వారు.

పైనుంచి నీళ్ల హోరు మొదలైంది. వంతెన దిగి, ఖాళీ సైకిల్‌ను నడిపించుకుంటూ పోతున్న గ్రీజు చేతుల లష్కర్ ఏదీ పోగొట్టుకోలేదని ఆ నలభై మందిలో ఒక్క అమరేందర్‌కే తెలుసు. ఆ కడ్డీ అతని టేబుల్ కిందే ఉంది.