కదలని కాపలా

సింహరాజు గుహ ముందు రెండు కొంగలు ఒంటికాలి మీద కాపలా కాసేవి. రెప్ప వెయ్యకుండా, ఈక కదలకుండా నిలబడే ఆ కొంగల్ని చూడ్డానికి పక్క అడవుల నుంచి కూడా జంతువులు గుంపులుగా వచ్చేవి. కోతులు పుల్లలతో గిలిగింతలు పెట్టినా అవి చలించేవి కావు.

ఒకనాడు గుహ ముందు సందడిగా ఉండగా, కొత్తగా కొలువులో చేరిన కలువ అనే కొంగ కాలి పక్కనుంచే ఓ తాచుపాము గుహలోకి పాకింది. లోపల సింహం కూన ఒంటరిగా నిద్రపోతోంది.

"కోటయ్య బాబాయ్, పాము!" అంది కలువ, ముక్కు మెదపకుండా.

"కదిలావో, కొలువు పోతుంది. ఊరుకోవే," అన్నాడు రెండో కొంగ కోటయ్య.

"పాము పోతున్నా కదల్లేదు చూశారా! అబ్బ, ఏం కాపలా!" అంటూ కోతులు చప్పట్లు కొట్టాయి.

కలువ ఇక ఆగలేకపోయింది. రెండో కాలు దించి, గుహలోకి దూసుకుపోయి, పాముని మెడ పట్టి బయటికి ఈడ్చుకొచ్చింది.

"ఛ, కదిలేసింది! ఇంత దూరం వచ్చింది ఇందుకా?" అని కోతులు మూతులు ముడుచుకుని వెళ్ళిపోయాయి.

అప్పుడే వేట నుంచి వచ్చిన సింహరాజు ఆ పాముని చూసి కోటయ్య వైపు తిరిగాడు. "ఇంతసేపూ నువ్వేం చేస్తున్నావు కోటయ్యా?"

"నేనా మహారాజా?" కోటయ్య ఇంకా ఒంటికాలి మీదే ఉన్నాడు. "కాపలా కాస్తున్నాను."